బెంజ్ సర్కిల్ సన్నిధిలో స్త్రీల సమాజం

కంకిపాడు చర్చి క్యాలెండరుకు ముఖచిత్రం నిర్ణయించే సర్వాధికారం స్త్రీల సమాజం అధ్యక్షురాలు అమలమ్మగారిది. ఏటా గొర్రెపిల్లలే ఆ సింహాసనాన్ని అధిష్ఠించేవి. ఈసారి వాటిని పదవీచ్యుతం చేసి, రాత్రి దీపాల బెజవాడను అక్కడ కూర్చోబెట్టాలని నతానియేలు కంకణం కట్టుకున్నాడు. పెళ్ళిఫోటోలు తీసి బతికే అతని పేరుతో ఇంటింటి గోడకెక్కబోయే మొదటి బొమ్మ అది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ఊరు ఎంతయినా వెలగనీ, సమాజం సభ్యులు మాత్రం కనబడాలి.

చీకటి పడగానే బెంజ్ సర్కిల్ పక్కనున్న ఒక మేడమీద సమాజం కొలువు తీరింది. చీరల కొట్టు హోర్డింగు వెలుగు వారి మీద పడుతోంది. వెనక ఫ్లైఓవరు, వాహనాల వరద. ఆ వరద వెలుగుగీతలుగా సాగాలంటే కెమెరా షట్టరు అరనిమిషం తెరిచి ఉంచాలనీ, అంతసేపూ ఎవరూ కదలరాదనీ నతానియేలు సవినయంగా విన్నవించాడు. సమాజం సమ్మతించింది. సమ్మతించి దోమల్ని కొట్టుకుంది, కొంగులు సర్దుకుంది. రావమ్మ ఆదెమ్మకు పులుసు సంగతి పూర్తిగా చెప్పింది. బొమ్మలో నగరం దేదీప్యమానంగా వెలిగింది. కదిలిన సమాజం ఆవిరైపోయింది.

"మేమేరయ్యా?" అన్నారు అమలమ్మ. గొర్రెపిల్లలైతే కనీసం కనబడేవని కూడా అన్నారు.

తెల్లారితే ప్రెస్సుకి పంపాలి. ఈ స్త్రీలు కదలకుండా ఉండే సందర్భం భూమ్మీద ఒక్కటే ఉందని నతానియేలుకు అప్పుడు స్ఫురించింది. ప్రార్థన చేయమని వేడుకున్నాడు. ఆమేన్ అనగానే షట్టరు మూయాలని ఏర్పాటు.

తలలు వంగాయి. శిలలకు కూడా అంతటి నిశ్చలత అరుదు. అమలమ్మ నగరాన్ని దీవించారు, లారీడ్రైవర్లను దీవించారు, ఇబ్రహీంపట్నంలో కరెంటు పుట్టించేవారిని కుటుంబ సమేతంగా దీవించారు. ఆమేన్ వినబడ్డాక చూస్తే కెమెరా తెరమీద తెలుపు తప్ప మరేమీ లేదు.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"మహిమ దిగింది," అన్నారు మెల్లగా. ఇదే ఖాయం చేయమన్నారు.

నోరు మెదపకపోతే పేరు గోడకెక్కుతుంది. బెజవాడ మాత్రం ఎక్కదు. నతానియేలు నిజం ఒప్పుకున్నాడు.

"మహిమ కాదండీ, వెలుగు ఎక్కువైంది. మధ్యలోనే షట్టరు మూసేయాల్సింది. అలవాటుకొద్దీ నేనూ కళ్ళు మూసుకున్నాను."

సమాజమంతా అమలమ్మ వంక చూసింది.

"ప్రార్థనలో కళ్ళు తెరిచేవాడివైతే నీకసలు క్యాలెండరు ఇచ్చేదాన్నే కాదు," అన్నారావిడ. "ఈ ఒక్కసారికీ తెరుచుకో. నేనూ పొట్టిగా చేస్తాలే. కరెంటువాళ్ళ సంగతి ఇందాకే చెప్పేశాంగా."

మూడో బొమ్మలో వాహనాలు ఎర్రని ఏరులై పారాయి. వాటి ముందు సమాజం చెక్కినట్టు నిలిచింది. కాని తలలన్నీ వంగి ఉండటంతో ఒక్క ముఖమూ కనబడలేదు. నతానియేలు కెమెరా అందించాడు.

అమలమ్మ తెరమీద వేలు పెట్టి రావమ్మకు చూపించారు.

"ఆ తెల్లపాపిట నాదే. పంపించెయ్ బాబూ."