మూడో చాంబరులో ఆరు డిగ్రీలు

ఖరీదైన వస్తువు నమ్మదగినదనీ, చౌకగా దొరికేది ఎప్పుడో ఒకప్పుడు ముంచుతుందనీ మా ప్రాంతంలో అందరూ నమ్ముతారు. విత్తనం కొనేటప్పుడూ, పురుగుమందు కొనేటప్పుడూ, చివరికి ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడూ ఇదే కొలమానం. ఈ నమ్మకాన్ని పరీక్షించే అవకాశం నిరుడు ఆగస్టులో, వినుకొండ రోడ్డులోని చెంచురామయ్య గారి మిర్చి కోల్డ్ స్టోరేజీలో దొరికింది.

అక్కడ నాలుగు చాంబర్లున్నాయి. ఒక్కొక్క దానిలో వేల బస్తాల మిరపకాయలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. ఎవరి సరుకైనా బయటికి తీయవలసి వస్తే తప్ప తలుపు తెరవరు. తెరిచిన ప్రతిసారీ చలి పోతుంది. కనుక లోపలి సంగతి ఆఫీసులోని కంప్యూటరు చెప్పవలసిందే. ప్రతి చాంబరులోనూ సబ్బుపెట్టె అంత సెన్సారు ఒకటి ఉంటుంది. అది పంపే ఉష్ణోగ్రతను ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరు తెర మీద చూపిస్తుంది. పాత వెర్షను త్వరలో ఆగిపోతుందనీ, కొత్తదానికి ఏటా చందా కట్టాలనీ ఆ కంపెనీ కబురు పంపింది. కంప్యూటరు చూసే జయపాల్, ఒంగోలులో ఇద్దరు ఇంజనీర్లు తయారుచేసిన చవక సాఫ్ట్‌వేరు, దాని సెన్సారు ఒకటి తెచ్చి చూపించాడు.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అందువల్ల పిలుపు నాకొచ్చింది.

"మాస్టారూ, వాళ్ళేమో ఏటేటా కప్పం కట్టమంటున్నారు. వీడేమో ఒంగోలు సరుకు దించుదామంటున్నాడు," అన్నారు చెంచురామయ్య గారు. "దేవుణ్ణే నమ్మని మనిషి, మీరైతే ఎవరికీ మొహమాటపడరని పిలిపించా."

"నమ్మకాలతో పని లేదండీ. రెండింటినీ ఒకే చాంబరులో రెండు వారాలు నడిపి చూద్దాం. మధ్యలో ఎవరూ దేన్నీ కదపకూడదు," అన్నాను.

పరీక్షకు మూడో చాంబరును ఎంచుకున్నాం. జయపాల్ ఇద్దరు హమాలీలతో లోపలికి వెళ్ళి, కొత్త సెన్సారును వెనుక వరసల్లో బస్తాల మధ్య కట్టి వచ్చాడు. ఫోను వెలుతురులో పని ముగించుకుని అయిదు నిమిషాల్లో బయటపడ్డారు. బయటి ఉక్కలోంచి వెళ్ళినవాళ్ళకు లోపల అంతా చలిగానే తోచింది.

ఆ వెనుక వరసల్లోనే బసవమ్మ పంట ఉంది. ఆమె కౌలు రైతు. భర్త పోయాక కూడా సేద్యం మానలేదు. మార్చిలో ధర లేదని, ఏడాది పంటనంతా ఒక్క బస్తా అమ్మకుండా తెచ్చి ఇక్కడ పెట్టింది. ఈ ఏడు కూడా భూమి చేస్తుందో లేదో నెలాఖరులోగా తేల్చమని ఆసామి చెప్పాడు. ఆ కాయలు అమ్ముడైతే చేస్తుంది, లేకపోతే లేదు.

మొదటి రోజు తెర మీద పాతది ఆరు డిగ్రీలు చూపించింది. కొత్తది పద్నాలుగు చూపించింది.

"ఏమయ్యా జయపాల్, మీ ఒంగోలోళ్ళు దీన్ని పొయ్యి పక్కన కూర్చుని చేశారా ఏంటి?" అన్నారు చెంచురామయ్య గారు. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

"నాకూ అర్థం కావట్లా సార్. ఫోన్ చేశా. రెండు రోజుల్లో సర్దుకుంటదన్నారు," అన్నాడు జయపాల్.

సర్దుకోలేదు. పదిహేను, ఆపైన పదహారు. చలి తగ్గిందని హెచ్చరిస్తూ కొత్తది జయపాల్ ఫోనులో గంటగంటకూ మోగేది. యజమాని విసుక్కుంటే అతను ఆ మోత ఆపేశాడు.

"ఒకసారి తలుపు తీసి చూద్దామా మాస్టారూ?" అని అతను అడిగాడు. "చౌకది గదా, తప్పు దీనిదే అయ్యుంటది. అయినా..."

నేను అతనికి వివరించాను. నాలుగు చాంబర్లలోనూ పాతది ఆరే చూపిస్తోంది. చలి పుట్టించే యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగలేదు. అన్నింటితోనూ విభేదిస్తున్నది కొత్తది ఒక్కటే కనుక ముందుగా శంకించవలసింది దాన్నే. పైగా గడువు లోపల తలుపు తెరిస్తే పరీక్ష చెడుతుంది. తర్కంలో లోపం ఎవరికీ కనబడలేదు. నాకూ కనబడలేదు.

రెండో వారంలో ఒక ఉదయం బసవమ్మ వచ్చింది.

"అబ్బాయ్ జయపాల్, నా కాయల మచ్చు తీసియ్యి. గుంటూరు నుంచి కొనేవాళ్ళొచ్చి కూర్చున్నారు. ధర బాగుందంట."

"నాలుగు రోజులాగు పెద్దమ్మా. లోపల పరీక్ష నడుస్తోంది."

"పరీక్షేందిరా? నా కాయలు నేను చూసుకోటానికి నేను పరీక్ష రాయాలా?" అని ఆమె చెంచురామయ్య గారి వైపు తిరిగింది. "ఏందయ్యా ఇది? మచ్చు చూపకుండా ఎవడు కొంటాడు? చెయ్యి పెట్టి నలిపి చూస్తే గదా వాడు ధర చెప్పేది!"

ఆయన నా వైపు చూశారు. అడిగిన మాట న్యాయమైనది. తలుపు తీయించాం.

యంత్రాలు చూసే యలమంద టార్చిలైటు పట్టుకుని ముందు నడిచాడు. అతని వెనుక బసవమ్మ, జయపాల్, నేను. తలుపు దగ్గర చలి ఒళ్ళు కొరికింది. బస్తాల మధ్య సందులో ముందుకు వెళ్ళేకొద్దీ ఆ కొరుకుడు తగ్గింది. తడిసిన గోతాల వాసన మొదలైంది. వెనుక గోడకున్న పెద్ద ఫ్యాను తిరగడం లేదు. దాని రెక్కల మీద దుమ్ము పేరుకుని ఉంది. పైకప్పు నుంచి నీళ్ళు బొట్లుగా బస్తాల మీద పడుతున్నాయి.

జయపాల్ ఒక బస్తా కుట్టు విప్పాడు. బసవమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసింది. గలగలమనవలసిన కాయలు చప్పుడు చేయలేదు. టార్చి వెలుతురులో అవి ఎర్రగా లేవు. బూడిదలో పొర్లించినట్టు తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

"ఇయ్యి నాయి కావు," అంది.

యలమంద వెలుతురును బస్తా మీదికి తిప్పాడు. ఆమె గుర్తు అక్కడే ఉంది. ఆమె రెండో బస్తా విప్పించింది. మూడోది తానే పళ్ళతో దారం కొరికి విప్పింది. తర్వాత ఆ తడి బస్తా మీదే కూర్చుండిపోయింది. చేతిలోని కాయలు పారేయలేదు.

నా జేబులో గాజు థర్మామీటరు ఉంది. అక్కడ పెట్టి చూశాను. పద్దెనిమిది. ఆ ఉదయం ఒంగోలు సాఫ్ట్‌వేరు తెర మీద చూపిన అంకె కూడా పద్దెనిమిదే.

"మరి ఆ ఆరు ఎక్కడిది?" అన్నారు చెంచురామయ్య గారు. ఆయన ఎప్పుడు లోపలికి వచ్చారో మేము గమనించలేదు.

పాత సెన్సారు నడిమి స్తంభానికి, బస్తాల మధ్య ఉండాలి. కంపెనీ వాళ్ళు కట్టి వెళ్ళింది అక్కడే. జయపాల్ బస్తాలెక్కి తడిమి చూశాడు. స్తంభానికి మేకు మాత్రమే ఉంది.

"అది అక్కడ లేదయ్యా," అన్నాడు యలమంద. టార్చిని తలుపు పక్కకు, పైకి తిప్పాడు. చాంబరులోకి చల్లగాలి వదిలే ముందు ఫ్యాను మూతికి ఆనించి, పసుపుతాడుతో కట్టిన చిన్న పెట్టె కనిపించింది. దాని మీద ఎండిన పసుపు, కుంకుమబొట్టు, వాడిపోయిన బంతిపూలు రెండు.

"నేనే కట్టానండి. పోయిన దసరాకి అన్నిటితో పాటు దానికీ పూజ చేశాం. ఇక్కడే గాదు, నాలుగిట్లోనూ. పసుపు కుంకుమ పెట్టాక మళ్ళీ కింద ఎట్టా కడతామండి? హమాలీలు బస్తాల మీద తొక్కుకుంటా తిరుగుతారు. కాలు తగలకుండా పైన కట్టా."

"నాతో ఒక మాట చెప్పొద్దా?" అన్నాడు జయపాల్.

"నువ్వా రోజు సెలవు గదయ్యా. అయినా చలిగదిలోనే గదా కట్టింది? బయట కట్టానా?"

నేను నిచ్చెన తెప్పించి ఎక్కి, పెట్టె పక్కన థర్మామీటరు ఆనించి నిలబడ్డాను. పాదరసం దిగుతూ దిగుతూ ఆరు దగ్గర ఆగింది. ఎంతని చెంచురామయ్య గారు కింది నుంచి అడిగారు. ఆరేనని చెప్పాను.

బసవమ్మ బస్తాల్లో మూడొంతులకు బూజు పట్టింది. మిగిలినవాటిని కూడా కొనేవాళ్ళు వాసన చూసి వద్దన్నారు. నెలాఖరున ఆమె కౌలు భూమి వదులుకుంది. పాత సాఫ్ట్‌వేరు తప్పు చూపలేదని రుజువైంది కనుక చెంచురామయ్య గారు కొత్త వెర్షనుకు చందా కట్టారు. ఒంగోలు సెన్సారును జయపాల్ విప్పి, డబ్బాలో పెట్టి, తిరిగి పంపించాడు.