తెల్ల ఇటుకల లోపల

మునిసిపాలిటీ తోటల సూపర్‌వైజరు గారికి పనివాళ్ళు పెట్టుకున్న పేరు కత్తెర. ఎదురుగా ఉంటే అమ్మా అనేవారు, అటు తిరగ్గానే కత్తెర అనేవారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఎందుకంటే ఆ పేరు ఆవిడకి లోలోపల నచ్చింది. రోడ్డు మధ్య వరుసలో ఒక్క కొమ్మ పక్కకి తొంగిచూసినా ఆవిడకి కంట్లో నలుసు పడ్డట్టుండేది. దాన్ని తీయించేదాకా అన్నం సయించేది కాదు.

తెల్ల ఇటుక నియమం పెట్టింది కూడా ఆవిడే. ఒకప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి ఫొటోల మధ్య నాటిన మొక్కల్ని గడ్డి మిషను డ్రైవరు మర్నాడే గడ్డితో పాటు నున్నగా గొరిగేశాడు. నిలదీస్తే, "గడ్డేదో మొక్కేదో నాకెట్లా తెలుస్తుందమ్మా, రెండూ పచ్చగానే ఉన్నాయి" అన్నాడు. మాట న్యాయమే అయినా అందరి ముందూ వాడికి తలంటు తప్పలేదు. ఆ వారంలోనే ఆవిడ కొత్త పద్ధతి తెచ్చింది. సున్నం కొట్టిన ఇటుకల్ని సగం నేలలో పాతి వరసగా పెట్టాలి. ఆ ఇటుకల లోపల ఉన్నది తోట, బయట ఉన్నది పిచ్చి మొక్కలు. బయట ఎంతైనా గొరగొచ్చు. లోపల కత్తి పడాలంటే మాత్రం ఆవిడే స్వయంగా వచ్చి మొదటి ఇటుక ఎత్తాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఆ తర్వాత ఎవరూ నాటిన మొక్క జోలికి పోలేదు. తలంటించుకున్న డ్రైవరైతే తెల్ల ఇటుక కనబడితే చాలు, బారెడు దూరంలో మిషను ఆపేసేవాడు.

బయట ఉన్నవన్నీ ఏమైపోయాయో ఎవరూ అడగలేదు. ఆఫీసు గోడ మీద ఊరి పటం ఒకటి ఉంది. అందులో మునిసిపాలిటీ నాటించిన చోటల్లా పచ్చరంగు, నాటించని చోటల్లా తెలుపు. తెలుపంటే ఖాళీ అని అర్థం. అక్కడ నడుము లోతు మొక్కలు పూతతో విరగబడి ఉన్నా సరే, మనం నాటలేదు కనక అది ఖాళీయే. ఏటా ఒక ఖాళీని నింపుతూ వచ్చారు. రైలు పట్టాల పక్క జాగా, బడి వెనక దిబ్బ, కాలవ గట్టు, అన్నిటి మీదా ఒకటే కార్పెట్ గడ్డి పరిచారు. అంచులకి ఒకటే నర్సరీ నుంచి ఒకటే రకం పొట్టి మొక్క తెచ్చి పెట్టారు. పటంలో పచ్చదనం పెరిగింది, ఊళ్ళో పువ్వుల రకాలు తరిగిపోయాయి. ఆ రెండో ముక్క పటంలోకి ఎక్కదు.

అది ఎక్కింది ఆవిడ ఇంటి డాబా మీదికి. ఒక రోజు పొద్దున్నే ఆరేసిన బట్టలు తేవడానికి పైకి వెళ్తే, అత్తగారు గుమ్మడి పాదు ముందు వంగి ఉంది. ఒక చేతిలో రేకులు ఒలిచేసిన పువ్వు ఉంది. దాన్ని ఇంకో పువ్వులోకి దూర్చి మెల్లగా రాస్తోంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"పెళ్ళి చేస్తున్నాను. మగపువ్వు ఇక్కడుంది, ఆడపువ్వు అక్కడుంది, మధ్యన తిరగాల్సిన తేనెటీగ మాత్రం పత్తా లేదు. ఈ వయసులో నన్ను పెళ్ళిళ్ళ పేరయ్యని చేశావు కదే అమ్మాయ్!"

"నేనేం చేశాను? తేనెటీగల్ని పట్టి కట్టేశానా?"

"కట్టెయ్యలేదు, కూడు లాగేశావు. కాలవ గట్టు గొరిగించావా లేదా? దాని తర్వాత మన వీధిలో ఎవరి పాదుకైనా కాయ నిలిచిందేమో చూపించు. పువ్వు రావడం, పిందె పసుపెక్కి రాలిపోవడం. అడుగు, పక్కింటి వాళ్ళనడుగు."

ఆవిడకి ఒళ్ళు మండింది. అత్తగారి మాట నిజం కావడం ఆవిడకి ఎప్పుడూ గిట్టదు. బట్టలు బుట్టలో కుక్కి దిగిపోయింది. కింద మొగుడు ఈ సంభాషణంతా విననట్టు నటిస్తూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

కానీ ఆఫీసుకి వెళ్తూ కాలవ గట్టు దగ్గర స్కూటరు ఆపింది. గట్టు ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. తన పనే. ఎప్పుడూ దాన్ని చూస్తే ఛాతీ పొంగేది. ఇవాళ కావాలని చెవి పెట్టి వింది. చప్పుడు లేదు. పువ్వు లేదు, పువ్వు విచ్చేలోపే మిషను తిరుగుతుంది కదా. పురుగైనా లేదు. కాసేపు నిలబడి అక్కణ్ణించి నీళ్ళ ట్యాంకు దగ్గరికి పోయింది. ట్యాంకు వెనక ఏటవాలు నేల ఒకటి ఉంది, పటంలో ఇంకా తెల్లగా మిగిలిన ఆఖరి ముక్క. అక్కడ గడ్డి చామంతులు, తుమ్మి, అత్తిపత్తి, పేరు తెలియని పసుపు పువ్వుల పొదలు, వాటికి అల్లుకున్న నీలం తీగలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేసరికి ఝుమ్మని మోత. ఒళ్ళంతా పుప్పొడి పూసుకున్న తేనెటీగలు, నల్ల తుమ్మెదలు, ఎన్నడూ చూడని చిన్న చిన్న ఈగలు ఆవిణ్ణి లెక్కచెయ్యకుండా తమ పని తాము చేసుకుంటున్నాయి. ఊరి మొత్తానికి ఇంతేనా మిగిలింది అనుకుంది.

అత్తగారికి ఆ మాట చెప్పలేదు. తప్పు ఒప్పుకోవడం కన్నా మండుటెండలో గోతులు తవ్వడం నయం అనిపించింది.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గారు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడడు, ఎవరినైనా కూర్చోమనే మాట్లాడతాడు.

"మేడమ్, సోమవారం ట్యాంకు ప్రారంభోత్సవానికి పైవాళ్ళు వస్తున్నారు. వెనకున్న ఆ చెత్తంతా గీకేసి లాన్ వేయించండి. గడ్డి లారీలు పొద్దున్నే వచ్చేస్తాయి."

"సార్, అదొక్కటి వదిలేద్దాం."

"ఎందుకూ?"

"అక్కడ చాలా రకాలున్నాయి. ఊళ్ళో ఇంకెక్కడా లేవు. తేనెటీగలకి అదొక్కటే దిక్కు."

ఆయన నవ్వాడు. వెటకారం కాదు, నిజంగానే జాలిపడినట్టు నవ్వాడు. "నాకూ చెట్టూ చేమా అంటే ఇష్టమేనమ్మా. కానీ చూసేవాళ్ళకి అది మన బద్ధకంలా కనబడుతుంది. పాములంటారు, చెత్తంటారు, ఫోన్లు నాకొస్తాయి. అయినా ప్లానులో అది ఖాళీ. ఖాళీ నింపడానికి అభ్యంతరమేంటి మీకు?"

"ఖాళీ కాదు సార్, నిండా ఉంది."

ఆయన గడియారం చూసుకున్నాడు. ఆవిడ "సరే సార్" అని లేచింది. ఆఫీసులో సరే సార్ అంటే వెయ్యి అర్థాలుంటాయి. ఆ రోజు దాని అర్థం చచ్చినా చెయ్యను అని.

ఆదివారం పొద్దున డిపోలో మూలపడి ఉన్న పాత ఇటుకల్ని ట్రాలీ ఆటోకి ఎత్తించి ట్యాంకు వెనక దింపించుకుంది. సెలవు రోజు, పనివాళ్ళని పిలిస్తే తన పాపం వాళ్ళకీ చుట్టుకుంటుందని పిలవలేదు. ఒక్కతే గడ్డపార పట్టి గాడి తీయడం మొదలుపెట్టింది. ఇంతలో వెనక నుంచి, "గాడి వంకరగా పోతోంది, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అని వినబడింది. అత్తగారు సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని నిలబడి ఉంది.

"మీకెవరు చెప్పారు?"

"నా కొడుకు. నువ్వు ఆటోకి ఫోను చేస్తుంటే విన్నాడు. పేపరు అడ్డం పెట్టుకుంటే చెవులు మూతపడతాయా?"

ఇద్దరూ పొద్దుగూకేదాకా పనిచేశారు. కోడలు పాతుతుంటే అత్తగారు సున్నం కొట్టింది. ఒక్క మంచిమాటైనా అనుకోలేదు. ఇటుక లోతు చాల్లేదని ఒకరు, సున్నం పలచగా ఉందని ఒకరు దెప్పుకుంటూనే వాలు చుట్టూ తెల్లటి వరస పూర్తిచేశారు. చివర్లో అత్తగారు నడుం పట్టుకుని, "ఉద్యోగం పోతుందా?" అని అడిగింది.

"పోవచ్చు."

"పోతే పోనీ. గుమ్మడికాయలు అమ్ముకుందాం, కాస్తే."

చీకటి పడుతుండగా గడ్డి మిషను డ్రైవరు మర్నాటి పనికి మిషను తెచ్చి పెట్టడానికి వచ్చాడు. ఇటుకల వరస చూశాడు, ఆవిడ చేతుల బొబ్బలు చూశాడు.

"అమ్మా, ఇది తోటా?"

"తోటే."

"ఎవరు వేశారు?"

"ఎవరూ వెయ్యలేదు. అదే వేసుకుంది."

వాడు తల గోక్కుని, "ఇటుకుంటే తోటేలెండి" అని మిషనుకి పట్టా కప్పి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున లారీలు వచ్చాయి, చాపల్లా చుట్టిన గడ్డి దిగింది. డైరెక్టరు గారు కారు దిగేసరికి మిషను ఇటుకలకి బారెడు దూరంలో ఊరికే గురగురమంటూ నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఇంకా మొదలుపెట్టలేదేం?"

"లోపల తోట సార్. ఇటుకలున్నాయి."

"ఎవరు పెట్టారు ఇవి?"

"నేను పెట్టాను" అంది ఆవిడ.

ఆయన ముఖం ఎర్రబడింది. పైవాళ్ళు ఏ క్షణమైనా వచ్చేస్తారు. ఇంక మాటలు అనవసరమనుకుని తనే వంగి, మొదటి ఇటుకని రెండు చేతులా పట్టి ఊపి పెరికి పక్కకి విసిరేశాడు. ఆరీ ఆరని సున్నం చేతులకీ ప్యాంటుకీ అంటుకుంది. "ఇప్పుడు నడుపు!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"మీరు ఎత్తారు సార్. అమ్మగారు ఎత్తాలి."

"నేను ఆవిడకి పై అధికారిని!"

"నాకు తెలుసు సార్, ఇటుకకి తెలీదు కదా. ఒకసారి అందరి ముందూ గడ్డి పెట్టించుకున్నాను. మళ్ళీ నావల్ల కాదు."

గడ్డి పరిచేందుకు వచ్చిన తోటపనివాళ్ళు ఒక్కరూ కదల్లేదు. డైరెక్టరు గారు ఆవిడ వైపు తిరిగాడు. "మేడమ్, మీరే ఎత్తండి."

ఆవిడ ముందుకి నడిచింది. విసిరేసిన ఇటుక దగ్గర వంగి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. అయిపోయింది, లొంగిపోయింది అనుకున్నారు అందరూ. ఆవిడ దాన్ని తెచ్చి దాని గుంతలోనే దించి, చుట్టూ మట్టి తోసి, చెప్పు మడమతో గట్టిగా తొక్కింది.

"ఎత్తను సార్."

"ఏమన్నారు?"

"ఎత్తనన్నాను. ఇన్నాళ్ళూ మీరు గొరగమన్నదల్లా గొరిగాను. అంతకంటే ఎక్కువే గొరిగాను, పచ్చగా ఉంటే చాలనుకున్నాను. పచ్చరంగు వేసిన గోడ కూడా పచ్చగానే ఉంటుంది సార్, దాని మీద తేనెటీగ వాలదు. నా ఉద్యోగం మీ చేతిలో ఉంది, తీసుకోండి. ఈ ఇటుక నా చేతిలో ఉంది. ఇది ఇవ్వను."

ఆవిడ అదంతా అన్నది కోపంతో. ఆ కోపంలో సగం తన మీద తనకే.

అప్పుడే కార్లు వచ్చాయి. దిగిన పెద్దలు తెల్లటి ఇటుకల మధ్య విరగబూసిన వాలుని ఒకసారి చూశారు. ఇటుకలున్నాయి కనక ఇది కావాలనే పెంచిన తోట అనుకున్నారు. ఒకాయన "బాగుందే" అని కూడా అన్నాడు. డైరెక్టరు గారు సున్నం చేతులు వెనక్కి దాచుకుని నీళ్ళు నమిలాడు. వాళ్ళు రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయారు. తెచ్చిన గడ్డి చుట్టలు ఎండలో పసుపెక్కాయి.

బాగుందన్న మాట ఆవిణ్ణి కాపాడలేదు. ఆ వారమే బదిలీ వచ్చింది, ఊరి చివర నర్సరీకి. బస్సులు దొరకని చోటు, తప్పుచేసిన వాళ్ళని పంపే చోటు. డైరెక్టరు గారు అది శిక్ష అనుకున్నాడు, రెండు నెలలపాటు ఆవిడా అలాగే అనుకుంది. అప్పుడొక రోజు నారు ట్రేల వరసల మధ్య నిలబడి ఉండగా ఆవిడకి వెలిగింది. ఊళ్ళో ప్రతి పార్కుకీ ప్రతి రోడ్డుకీ మొక్క పోయేది ఇక్కణ్ణించే. ట్యాంకు వాలు మీద కోసి తెచ్చుకున్న ఎండు గింజలు ఆవిడ సంచిలో ఉండనే ఉన్నాయి. ఆ రోజు నుంచి పొట్టి మొక్కల ట్రేలలో తుమ్మి, గడ్డి చామంతి, పేరు తెలియని ఆ పసుపు పువ్వూ కలిసి మొలవసాగాయి. నర్సరీ నుంచి వచ్చింది కనక పనివాళ్ళు నాటారు, నాటారు కనక చుట్టూ తెల్ల ఇటుకలు పెట్టారు.

వానాకాలం వెళ్ళాక ఒక రోజు ఫోను మోగింది. ఆవిడ స్థానంలోకి వచ్చిన కొత్త సూపర్‌వైజరు. కుర్రవాడు, మర్యాదస్తుడు.

"అమ్మా, ఒక చిన్న సాయం. ట్యాంకు వెనక ఆ వాలు తీసెయ్యమని మళ్ళీ ఒత్తిడి చేస్తున్నారు. మీరు ఎత్తితే గానీ కొయ్యరట వీళ్ళు. ఎంత చెప్పినా చెవికెక్కించుకోవడం లేదు. కారు పంపిస్తాను. ఒక్కసారి వచ్చి ఆ మొదటి ఇటుక ఎత్తి వెళ్ళండి, చాలు."

ఆవిడ తడి ఎరువు బస్తా ఒకటి భుజాన వేసుకుని, ఇంకోటి చంకన ఇరికించుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి ట్రేల మధ్య నడుస్తోంది.

"రావాలనే ఉంది బాబూ. ఏం చెయ్యను, నడుం నొప్పి. ఇటుకలెత్తొద్దన్నాడు డాక్టరు."

"ఎన్నాళ్ళు?"

"ఇలాంటివి ఒకపట్టాన తగ్గవు నాయనా" అంది ఆవిడ, బస్తాలు దించకుండానే.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు డాబా మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది. చేతిలో పువ్వు లేదు.

"ఏం అత్తయ్యా, పెళ్ళిళ్ళు మానేశారా?"

"నన్ను పిలవడం లేదే" అంది అత్తగారు. "వాళ్ళంతట వాళ్ళే చేసుకుంటున్నారు."