మూడోసారి

హార్లాండ్‌ని జనరల్ మేనేజర్ ఉద్యోగంలోంచి తీసేసిన మర్నాడే తలుపు మీద ఆయన పేరున్న పలక ఊడదీశారు గానీ, దాన్ని బిగించిన మరమేకుల కన్నాలు రెండూ అలాగే ఉండిపోయాయి. ఆ గదిలోకి రోజుకు పదిసార్లు వెళ్ళొచ్చే ఓరెస్ట్ బోయ్‌చుక్ ఒక్కసారి కూడా అక్కడి కుర్చీలో కూర్చోలేదు. కాగితం కావాలంటే నిలబడే వెతికి, నిలబడే చదివి, తన పాత గదికి వచ్చేసేవాడు. ఆ పాత గది ఎక్కడుందంటే, ఐసుని చదును చేసే బండిని నిలబెట్టే షెడ్డు పక్కన. బండి కదిలినప్పుడల్లా గోడ మీద క్యాలెండరు ఊగుతుంది.

కెనడాలోని సాస్కటూన్ గీస్ ఐస్ హాకీ జట్టులో కోచ్ ఆడిస్తాడు. ఎవరు జట్టులో ఉండాలో, ఎవరు సామాను సర్దుకోవాలో తేల్చేవాడు జనరల్ మేనేజర్. డిసెంబరు నుంచీ ఆ పని తాత్కాలికంగా ఓరెస్ట్ చూస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ జట్టునే అంటిపెట్టుకున్న మనిషి. మోకాలు పోయేదాకా ఆడాడు. తర్వాత ఊరూరా తిరిగి కొత్త ఆటగాళ్ళను వెతికాడు. ఆ తర్వాత ముగ్గురు మేనేజర్లకు అసిస్టెంటుగా ఉన్నాడు. ఇప్పుడు అరవై రెండు. ఆ తలుపు మీద తన పేరు చూసుకోవాలని అతనికి ఎంత ఆశో చెప్పలేను. ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి, భార్య డోరీన్, మూడేళ్ళ కిందట పోయింది. అప్పటినుంచీ ఇంట్లో వంటింటి బల్లకు రెండో వైపు కుర్చీ మీద ఆటగాళ్ళ రిపోర్టులు పేర్చాడు. ఖాళీగా కనిపించకుండా ఉంటుందని.

జట్టుని కిందటేడు కొనుక్కున్నావిడ పేరు ఫ్రాన్సెస్ లోవెల్. వాంకూవర్ మనిషి. చేపలు దాచే కోల్డ్ స్టోరేజీలు కట్టి పైకొచ్చింది. ఐసుతో ఆవిడకున్న చుట్టరికం అదొక్కటే. ఒక మాట అడుగుతుంది, ఒక జవాబు వింటుంది, పుస్తకంలో రాసుకుని ముందుకెళ్ళిపోతుంది. చెడ్డదని ఎవరూ అనలేదు.

జనవరి చివర్లో ఓ ఉదయం, ప్రాక్టీసు అయ్యాక, ఆవిడ షెడ్డు పక్క గదికే వచ్చింది.

“ఓరెస్ట్, సూటిగా అడుగుతున్నాను. ఈ ఉద్యోగం మీకు కావాలా?”

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ప్రశ్న అది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“అబ్బే, నాదేముంది మేడమ్. నాకంటే సమర్థులు బోలెడుమంది. ముందు నలుగుర్నీ చూడండి.”

“మంచిది,” అని ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

ఓరెస్ట్ లోపల్లోపల ‘ఒకటి’ అనుకున్నాడు. ఆ రోజంతా మోకాలు నొప్పి కూడా తెలియలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఉక్రేనియన్ చర్చి కింది హాల్లో పెరోగీల భోజనం పెడతారు. ఓరెస్ట్ వారం మొత్తంలో ఇంకో మనిషి చేత్తో వడ్డించగా తినేది అక్కడే. ఆలుగడ్డ కూరి ఉడికించిన, కజ్జికాయల్లాంటి పెరోగీల మీద వేయించిన ఉల్లిపాయలు, పుల్లటి మీగడ. వడ్డించేది స్టెఫా బాబా, బాబా అంటే వాళ్ళ భాషలో అవ్వ. ఎనభై దాటింది, గరిటె మాత్రం ఎవరికీ ఇవ్వదు.

“ఇంకో నాలుగు వేస్తానురా.”

“వద్దు బాబా, కడుపు నిండిపోయింది.”

“నిండటానికి నువ్వు తిన్నదెంత? పిచ్చుక తిన్నంత. వేస్తున్నా.”

“అయ్యో, నిజంగా వద్దు, లేవలేను.”

“లేవకపోతే ఇక్కడే పడి ఉందువుగాని. పళ్ళెం పట్టు!”

పట్టాడు. సాస్కటూన్ చుట్టూ ఉన్న మైదానాల్లోని పొలాల ఊళ్ళలో పుట్టినవాళ్ళంతా అలాగే పెరిగారు. మొదటిసారి అడగ్గానే పళ్ళెం చాపితే తిండిపోతంటారు. మూడోసారి కూడా వద్దంటే నిజంగా వద్దన్నట్టు. మధ్యలో ఆ రెండు ‘వద్దు’లూ ఊరికే, మర్యాదకి. డోరీన్ పెళ్ళికి ఒప్పుకున్నది కూడా మూడోసారి అడిగాకే. తను మాత్రం కాపురానికొచ్చాక ఆ మొహమాటాన్ని వదిలేసి, మొగుణ్ణి జీవితాంతం ఏడిపించింది. “స్వర్గం గుమ్మంలో నిలబెట్టి లోపలికి రమ్మన్నా రెండుసార్లు వద్దంటావయ్యా నువ్వు. దేవుడికి అంత తీరికుంటుందా?” అనేది.

స్టెఫా బాబా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏరా, ఆ వాంకూవర్ ఆవిడ నీకిస్తుందా ఆ కుర్చీ?”

“ఏమో. అడిగింది.”

“ఎన్నిసార్లు?”

“ఒకసారి.”

“ఇంకేం, ఇంకా రెండున్నాయి,” అని ముసలావిడ తృప్తిగా గరిటె పట్టుకుని పక్క బల్లకు వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఓరెస్ట్ ఓ తెల్ల చొక్కా కొన్నాడు. కొత్త మేనేజర్‌ని పత్రికలవాళ్ళకు చూపించే రోజున వేసుకోవడానికి. గుండుసూదులు తియ్యకుండా బీరువాలో పెట్టాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాడు: వచ్చే మూడేళ్ళలో ఎవర్ని ఉంచుకోవాలి, గోల్ కాసే ఆ ముసలి గుర్రంలాంటి ఆటగాణ్ణి ఎప్పుడు సాగనంపాలి, డిఫెన్సులోకి ఎవర్ని తేవాలి. నలభై పేజీలయ్యింది. చదివి వినిపిద్దామని తలెత్తితే ఎదుటి కుర్చీలో రిపోర్టులున్నాయి.

రెండోసారి ఫిబ్రవరిలో, ఓ ఆదివారం మధ్యాహ్నం ఆట జరుగుతుండగా. ఇద్దరూ పైన అద్దాల గదిలో కూర్చున్నారు. ఫ్రాన్సెస్ కాగితం మీద మూడు పేర్లు చూపించింది.

“వీళ్ళలో ఎవరు మెరుగు?”

అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. “రీడ్ ఆస్లండ్. మిన్నెసోటా అబ్బాయి. చిన్నవాడే గానీ ఆటగాణ్ణి చూడ్డం తెలుసు, మనిషిని చూడ్డమూ తెలుసు.”

ఆవిడ కలం మూత తీసింది. “రెండోసారి అడుగుతున్నాను, ఓరెస్ట్. నాలుగో పేరు మీది రాయమంటారా?”

రెండోసారి! ఆవిడ కూడా లెక్కపెడుతోందన్నమాట. ఓరెస్ట్‌కి ఆవిడ మీద ఎక్కడలేని ఆపేక్ష పుట్టుకొచ్చింది. వాంకూవర్ అయితేనేం, మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాడు పిచ్చి మారాజు.

“నా గురించి మీరు ఇబ్బంది పడకండి మేడమ్. నేనెక్కడున్నా ఈ జట్టు పనే కదా చేసేది.”

“అలాగే,” అని ఆవిడ కలానికి మూత పెట్టేసింది. కింద గీస్ వాళ్ళు గోల్ కొట్టారు. హాలంతా లేచి అరిచింది. ఓరెస్ట్ కూడా లేచి అరిచాడు, గోల్ ఎవరు కొట్టారో చూడకుండానే.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఎదురుచూశాడు. స్నానానికి వెళ్తే ఫోను తీసుకెళ్ళి సింకు అంచున పెట్టుకున్నాడు. మూడోసారి అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. పెద్ద మాటలేం కాదు. ‘సరే మేడమ్, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి.’ అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు కూడా.

పదో రోజు ఫోను మోగింది.

“ఓరెస్ట్, మీ మాటే నిజం. రీడ్ అందరికంటే మెరుగు. ఒప్పుకున్నాడు. మంగళవారం ఉదయం విమానం దిగుతాడు, పన్నెండింటికి పత్రికలవాళ్ళ ముందు సంతకం. మీరు వెళ్ళి తీసుకొస్తారా?”



“చాలా మంచివాణ్ణి ఎంచుకున్నారు మేడమ్. తీసుకొస్తాను.”

“మీరు రెండుసార్లూ ఒకే మాట చెప్పారు. తనకేం కావాలో తెలిసిన మనిషంటే నాకు గౌరవం,” అంది ఫ్రాన్సెస్. మనస్ఫూర్తిగానే అంది.

ఫోను పెట్టేశాక ఓరెస్ట్ వంటింట్లో నిలబడే ఓ రొట్టెముక్క తిన్నాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఈ పెద్ద ఊళ్ళో ఎవరున్నారా అని ఆలోచిస్తే, శుక్రవారం దాకా ఎవరూ లేరు.

మంగళవారం తెల్ల చొక్కా గుండుసూదులు తీసి వేసుకున్నాడు. మడతల గీతలు ఛాతీ మీద అలాగే ఉన్నాయి. బయట సున్నాకి ముప్పై డిగ్రీలు దిగువన చలి. విమానాశ్రయంలో రెండు కాఫీలు కొన్నాడు. రీడ్ ఆస్లండ్ ఒక్క సంచితో దిగాడు, ముప్పై తొమ్మిదేళ్ళవాడు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“కాఫీ తీసుకోండి.”

“అయ్యో, వద్దండీ. మీకెందుకు శ్రమ.”

“శ్రమేముంది, తీసుకోండి.”

“పర్లేదండీ, విమానంలో తాగాను.”

“చల్లారిపోతుందయ్యా, పట్టు.”

“సరే, ఇవ్వండి,” అని రీడ్ రెండు చేతులా అందుకుని సగం కప్పు గుక్కలో తాగేశాడు.

ఓరెస్ట్‌కి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. “మీ ఊళ్ళో కూడా ఇంతేనా?”

“మా నాయనమ్మ దగ్గర మొదటిసారే బిస్కెట్టు తీసుకున్నామా, చేతి మీద ఒకటిచ్చేది.”

కారు బయల్దేరింది. రోడ్డు మీద ఎగిరే మంచుపొడి పాముల్లా పాకుతోంది. కొంత దూరం పోయాక రీడ్ అడిగాడు.

“ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరుండగా ఈ ఉద్యోగం నాదాకా ఎలా వచ్చింది? మీకు వద్దని ఫ్రాన్సెస్ గారు చెప్పారు. అడిగానన్నారు.”

“అడిగింది.”

“ఎన్నిసార్లు?”

ఓరెస్ట్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “రెండు.”

రీడ్ నోటి దగ్గర కప్పు ఆగిపోయింది. “రెండేనా?” అన్నాడు మెల్లగా. నవ్వబోయి మానేశాడు. ఫ్రాన్సెస్‌కి అర్థం కానిది, విమానం దిగిన పావుగంటలో అతనికి అర్థమైపోయింది.

కారు వంతెన మీదికొచ్చింది. కింద నది గడ్డకట్టి తెల్లగా ఉంది.

“నేనింకా సంతకం పెట్టలేదు,” అన్నాడు రీడ్. “ఆవిడతో ఓ మాట చెప్పమంటారా?”

“అబ్బే, వద్దు. నువ్వింత దూరం వచ్చావు.”

వంతెన దిగాక ఎర్ర దీపం పడింది. దీపం వైపే చూస్తూ రీడ్ మళ్ళీ అడిగాడు. “నిజంగానే అడుగుతున్నాను. చెప్పమంటారా?”

“నా గురించి నువ్వు ఇబ్బంది పడకు.”

దీపం పచ్చబడింది. ఓరెస్ట్ కారుని ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నడిపాడు. వెనకవాడు హారన్ కొట్టినా పట్టించుకోలేదు. ఐసు మీద హాకీ ఆడే రింకు వచ్చేసింది. గుమ్మం దగ్గర, మేనేజర్ కారు కోసం ఉంచిన చోటు డిసెంబరు నుంచీ ఖాళీగా ఉంది. దాని ముందు ఆపాడు.

రీడ్ చేతితొడుగులు వేసుకున్నాడు. తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. ఓరెస్ట్ వైపు తిరిగాడు, తెల్ల చొక్కా మీది మడతల గీతలు చూశాడు. ఈసారి అడిగితే ఏం చెబుతాడో ఇద్దరికీ తెలుసు. 

“తీసుకొచ్చినందుకు చాలా థాంక్సండీ,” అన్నాడు రీడ్. దిగి లోపలికి వెళ్ళిపోయాడు.

ఓరెస్ట్ అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. మంచివాడు గనకే రెండుసార్లు అడిగాడు. తనకీ కావాలి గనక మూడోసారి అడగలేదు. తానైనా అంతే చేసేవాడేమో. తన ఎంపిక మాత్రం తప్పు కాలేదు, కుర్రాడికి మనిషిని చూడ్డం నిజంగానే తెలుసు.

కారుని, బళ్ళు నిలిపే మైదానం చివరికంటా తీసుకెళ్ళి, ముప్పై ఒక్క ఏళ్ళుగా తను నిలిపే చోటే నిలిపాడు. ఇంజను గడ్డకట్టకుండా కరెంటు తీగ తగిలించి, మళ్ళీ లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు.

“నాకు కావాలి,” అన్నాడు పైకి. తన గొంతు తనకే కొత్తగా ఉంది. “ఆ కుర్చీ నాకు కావాలి మేడమ్. ఎప్పట్నుంచో కావాలి.”

ఆ మాటల ఆవిరికి ముందద్దం మసకబారింది. దాన్ని తుడిచి, కళ్ళు కూడా తుడుచుకుని, రింకులోకి నడిచాడు.

హాల్లో కెమెరాలు, కుర్చీలు, బల్ల మీద జట్టు జెర్సీ, రీడ్ పేరు అప్పుడే కుట్టేశారు. కాఫీ పాత్ర దగ్గర ఫ్రాన్సెస్ నిలబడి ఉంది.

“వచ్చారా ఓరెస్ట్. కాఫీ ఇమ్మంటారా?”

‘అబ్బే’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

“ఇవ్వండి,” అన్నాడు.

ఆవిడ కప్పు నింపి ఇచ్చింది. ఆశ్చర్యపోలేదు, తిండిపోతనుకోలేదు, అసలేమీ అనుకోకుండా ఇంకొకరికి నింపడానికి తిరిగింది. ఓరెస్ట్ ఆ కప్పు వైపే చూస్తూ నిలబడిపోయాడు. ఒక్కసారి అడిగింది, ఒక్కసారి చెప్పాడు, కాఫీ చేతిలో ఉంది. ఇంత తేలికని డోరీన్ బతికున్నన్నాళ్ళూ చెబుతూనే ఉంది.

పన్నెండు కొట్టగానే రీడ్ సంతకం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతిలో కప్పు ఉండడం వల్ల ఓరెస్ట్ కొట్టలేకపోయాడు.