ఊడని తొడుగు

కరీంనగర్‌లో నా అంత బాగా పళ్లు కట్టే డాక్టరు లేడని గొప్పలు చెప్పుకుంటూ తిరిగే రోజులవి. అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. బీడీలు చుట్టే లస్మవ్వ వచ్చి కుర్చీలో కూర్చుని కొంగు ముడి విప్పింది. లోపల పుస్తె ఉంది.

"మా ఆయన కట్టింది. దీన్ని కరగవెట్టి పన్నుకు తొడుగు ఎయ్యి బిడ్డా."

"గీ వయసుల సోకులా అవ్వా?" అన్నాను.

"సోకు లేదు గీకు లేదు. పానం పోయెటప్పుడు నోట్లె ఇంత బంగారం ఏస్తరు గద. నాకు పిల్లలు లేకపోయిరి. మరిది కొడుకు మొండయ్య చేతికిస్తే తాగి తందనాలాడుతడు. నోట్లెనే ఉంటే ఫికర్ లేదు. నేను సచ్చేదాక ఊడద్దు."

నవ్వొచ్చింది గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. అది మే నెల. మా ఎండలకు పంటి సిమెంటు గాజుపలక మీద కలుపుతుండగానే బిగుసుకుపోతుంది, ఇక పన్నును సరిగా పట్టుకోదు. తొడుగు నెల తిరక్కుండా ఊడి, అన్నం ముద్దతో పాటు కడుపులోకి పోతుంది. ముసలిదాని ఆశ గంగలో కలుస్తుంది.

పీకేసిన పళ్లను ఉప్పునీళ్ల సీసాలో దాచేవాణ్ణి. వాటిలో ఆరింటిని, పైపెంకు పోయి లోపలి పచ్చటి భాగం తేలేదాకా అరగదీశాను. ఇత్తడి తొడుగులు చేయించాను. మూడింటికి మామూలుగా కలిపిన సిమెంటు పెట్టాను. మిగతా మూడింటికి కుండనీళ్లలో చల్లబరిచి, పొడిగా తుడిచిన పలక మీద కలిపింది పెట్టాను. మర్నాడు ఒక్కో పన్నునూ తలకిందులుగా బిగించి, తొడుగుకు కొక్కెం వేసి, తక్కెడ పళ్లెం వేలాడదీసి రాళ్లు పేర్చాను. మొదటి మూడూ మూడు కిలోలకే ఊడాయి. చల్లటి పలకవి పన్నెండు కిలోలదాకా కదల్లేదు.

లస్మవ్వకు అట్లాగే బిగించాను. ఆమె వేళ్లతో గుంజి చూసుకుంది.

"నువ్వు పోయినా అది పోదవ్వా," అన్నాను. ఎంత పొగరో నాకు!

"సల్లగుండు బిడ్డా," అని నా గదుమ పట్టుకుంది.

మూడేళ్ల తర్వాత, ఒక వానాకాలం పొద్దున మొండయ్య వచ్చాడు.

"మా పెద్దవ్వ పోయింది. నిన్ననే కాలవెట్టినం," అంటూ దస్తీ విప్పి బల్ల మీద పెట్టాడు. అందులో వేరుతో సహా పన్ను, దాని మీద నేను వేసిన తొడుగు.

"తొడుగొక్కటే తీద్దామని పట్కారు ఏసిన. రాలే. పన్నే ఊడొచ్చింది. సిమెంటు నువ్వే పెడ్తివి గద, జర ఇడిపియ్యి డాక్టర్ సాబ్."

దస్తీని దగ్గరికి లాక్కుని చూశాను. "ఎప్పుడు గుంజినవ్‌రా?"

"పానం పోయినంకనే. నీ తోడు."

ఇరవై ఏళ్లుగా పళ్లు పీకుతున్నవాణ్ణి. ప్రాణం పోయాక చిగుళ్లు అట్లా నెత్తురు కార్చవని నాకు తెలుసు. ఆ దస్తీ అంచులదాకా తడిసి, ఎండి, అట్టకట్టి ఉంది.

ఆ మూడు కిలోల సిమెంటే పెట్టి ఉంటే తొడుగొక్కటే వచ్చేది. ముసలిదానికి అంత నొప్పి ఉండేది కాదు.