ఆ ఏటి సున్నం

దొరలు ఆ రేవుకు మొదట బట్టలు కొనడానికే వచ్చారు. తర్వాత గిడ్డంగి అడిగారు, గిడ్డంగికి గోడ అడిగారు, గోడ మీద ఫిరంగులు పెట్టారు. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే అదే. ఊరు తిరగబడి తరిమేస్తే యుద్ధనౌకతో తిరిగొచ్చి, నిన్న పగలంతా ఫిరంగులు పేల్చారు. చేపల రేవులో శవాలు తీసే దిక్కు లేదు.

అయినా రాళ్ళు తప్పించుకుని లోపలికి రావాలంటే సరంగు కావాలి. నిన్న సాయంత్రం పడవలో ఉన్న సరంగునూ అతని బావమరిదినీ ఊరంతా ఒడ్డు నుంచి చూస్తుండగానే పట్టుకుపోయారు. సరంగును ముక్కు పగిలేదాకా కొట్టి చుక్కాని దగ్గర నిలబెట్టారు. బావమరిదిని తెరచాప కొయ్యకు కట్టి, కెప్టెన్ అతని చెవికి పిస్తోలు ఆనించాడు.

"ఓడ రాయికి తగిలిందా, ముందు వీడే పోతాడు," అన్నాడు దుబాసీ. అతనిది పొరుగు రేవు. "దారి గుర్తు నాకూ తెలుసులే. మసీదు మినారు, దాని వెనక చర్చి గోపురం. రెండు తెలుపులూ ఒకే వరసలో కనబడాలి."

నిజమే. అందుకే ఏ మతం వాళ్ళయినా పడవల వాళ్ళందరూ కలిసి ఏటా ఆ రెండింటికీ సున్నం కొట్టేవారు. చర్చి వంతు సరంగు ఇంటి ఆడవాళ్ళది.

పొగ విడింది. మినారు కనబడింది, కాస్త ఎడంగా ఇంకో తెలుపు. సరంగు కళ్ళు చికిలించి చూశాడు. అది చర్చి కాదు. చర్చి గోపురం నిన్నటి దెబ్బకు కూలిపోయినట్టుంది, ఆ చోట ఉత్త ఆకాశమే ఉంది. ఇది దొరల గిడ్డంగి గోడ బురుజు, నిన్నటిదాకా నల్లటి రాయి, రాత్రికి రాత్రే తెల్లబడింది. దాన్ని నమ్ముకుంటే నేరుగా రాళ్ళ మీదికే.

తన భార్య చెయ్యి పడకుండా ఆ ఊళ్ళో సున్నం తడవదు. మొగుడూ తమ్ముడూ ఓడలో ఉన్నారని తెలిసే కొట్టింది. ఒక్క మాట చెబితే బావమరిది బతుకుతాడు. సరంగు నోరు తెరిచాడు.

"బావా," అన్నాడు బావమరిది నెత్తురు ఉమ్మి. "ఈ ఏడు మనల్ని పిలవకుండానే సున్నాలు కానిచ్చేశారే. మా అక్కకు మర్యాద తెలీదు."

కెప్టెన్ ఏమిటన్నట్టు చూశాడు. "ఏదో ఇంటి గోల," అన్నాడు దుబాసీ.

సరంగు ఏడుస్తూనే చుక్కాని తిప్పాడు.

ఓడ అడుగు ఫెళ్ళున చీలింది. ఆ చప్పుడులోనే పిస్తోలు పేలింది. కొయ్య విరిగి కెప్టెన్‌ను నుజ్జు చేసింది, దుబాసీ నీళ్ళలో అరుస్తూ అరుస్తూ మునిగిపోయాడు. సరంగు బావమరిది కట్లు కోసి, శవాన్ని వీపున వేసుకుని ఈదాడు.

ఒడ్డున భార్య నిలబడి ఉంది. సున్నానికి చేతులు మోచేతుల దాకా బొబ్బలెక్కాయి.

"వాడు చూశాడా?"

"నాకంటే ముందే చూశాడు. పిలవలేదని నిన్ను తిట్టాడు."

ఆమె ఇసుకలో కూలబడి, తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుంది. "తిట్టనీ," అంది.