నిమ్మసోడా అని పడ్డ నింద

అన్యాయం ఎవరికి జరిగింది? బాలస్వామికి. ఎలా జరిగింది? ఇరవై తొమ్మిదేళ్ల కిందట, గద్వాలలో, నిండు పెళ్లిపందిట్లో, రెండు వందల మంది వింటుండగా, స్వయాన అక్క మొగుడే అతణ్ణి దొంగ అన్నాడు.

ఈ ప్రశ్న, ఈ జవాబు బాలమణికి కంఠస్థం. ఆమె బాలస్వామి అక్క. దొంగ అన్న తుకారాం ఆమె భర్త, మగ్గం నేసే మనిషి. కర్నూలు కాన్వెంటులో చదువుకుని, ముప్పై ఆరేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆమె. తప్పు లెక్కను దిద్దకుండా పేజీ తిప్పడం ఆమెకు చేతకాదు. అలాంటి మనిషి ఇంట్లోనే ఇంత పెద్ద తప్పు ఇన్నేళ్లుగా దిద్దుబాటు లేకుండా పడి ఉంది.

జరిగింది ఇది. తుకారాం తమ్ముడి పెళ్లి. బాలస్వామి అప్పట్లో సికింద్రాబాదులో ఒక క్లబ్బు బారులో పనిచేసేవాడు. పెళ్లికి మందు తెచ్చే బాధ్యత అతనికే అప్పజెప్పారు. అతను పన్నెండు సీసాల జిన్ను తెచ్చి, ఐసు పగలగొట్టి, నిమ్మకాయలు పిండి, చక్కెరపాకం, సోడా కలిపి, పొడుగాటి గ్లాసుల్లో పోసి, బంధువులందరికీ దొరల మర్యాద చేశాడు. గొంతు మండితేనే మందు అనుకునే జనం అది. చల్లగా, పుల్లగా జారిపోయేసరికి ముఖాలు చూసుకున్నారు. ఇది నిమ్మసోడా అన్నది మొదట తుకారాం అక్క, అయిజ ఊళ్లో ఉండే నాగేంద్రమ్మ. సీసాలు దారిలో వనపర్తిలోనే అమ్ముకుని ఉంటాడన్నది ఇంకెవరో. పొద్దు వాలేలోగా తుకారాం దాన్ని పందిరి నడుమ నిలబడి అందరూ వినేలా అనేశాడు. అంతటితో ఆగలేదు. పెళ్లిలో బామ్మర్దికి పెట్టడానికి తన చేత్తో నేసిన ధోవతినీ కండువానూ పళ్లెంలోంచి తీసి పెట్టెలో పడేశాడు.

బాలస్వామి చేతిలోని పొడుగు చెంచాను బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ పనే మానేశాడు. తెలకపల్లిలో వేరుశనగ వేసుకుంటూ బతికాడు. రాఖీ పండుగకు బాలమణి ఏటా వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూలులో ఇంకో బస్సు మారి అతని దగ్గరకు వెళ్లేది. అతను కడుపునిండా అన్నం పెట్టి, సంచినిండా పల్లీలు పోసి పంపేవాడు. గద్వాల గడప మాత్రం తొక్కనన్నాడు.

ఇప్పుడు మనుమరాలు కావ్యకు నిశ్చితార్థం కుదిరింది. తమ్ముడు రాని పందిట్లో తాను పీట మీద కూర్చోనని బాలమణి ఖరాకండిగా చెప్పింది. రావద్దని తానేమైనా అతని కాళ్లు కట్టేశాడా అని తుకారాం అడిగాడు. బాలస్వామి చేసిన తప్పు ఒప్పుకుంటే చాలట, ఎదురెళ్లి తెచ్చుకుంటాడట. ఆ మాటకు బాలమణి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

కావ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్లకొక సరదా ఉంది. పేరుమోసిన పాత కాక్‌టెయిళ్లను ఇంట్లోనే కలిపి, ఏది దేనికన్నా మేలో పోల్చి చూస్తుంది. నిశ్చితార్థం పనులకని సెలవు పెట్టి వచ్చినప్పుడు ఆ సరంజామా కూడా వెంట తెచ్చింది. మందు గిలక్కొట్టడానికి హార్లిక్స్ సీసా, వడకట్టడానికి టీ జాలి, ఐసు పగలగొట్టడానికి పచ్చళ్ల బండ. తన వంటింట్లో ఈ భాగోతం ఏమిటని బాలమణి కసురుకోబోయి, బల్ల మీదున్న జాబితా చూసి ఆగిపోయింది. అందులో నాలుగో పేరు టామ్ కాలిన్స్. తాను ఆనాడు పోసింది ఏమిటో బాలస్వామి ఒక రాఖీ నాడు ఆమెకు చెప్పి ఉన్నాడు. ఆ పేరు ఇదే.

ఆ క్షణం నుంచి పోటీ ఆమె చేతుల్లోకి వెళ్లింది. పరీక్ష పెట్టడం ఆమెకు కొత్త కాదు. ప్రతి గ్లాసులోనూ మందు ఒకే కొలత ఉండాలి. దగ్గుమందు మూతతో కొలిచి సరిగ్గా అరవై మిల్లీలీటర్లు. రోజుకొక రకం, సాయంత్రం అయిదింటికి. తీర్పు చెప్పేది తుకారాం. తాను ఒక్క చెంచా రుచి చూసి మార్కులు వేస్తుంది. ఇంట్లో ఇంత మంచి ఆచారం ఎప్పుడు మొదలైందని తుకారాం మురిసిపోయి నాలుగున్నరకే వచ్చి కూర్చున్నాడు.

మొదటి రోజు ఓల్డ్ ఫ్యాషన్డ్. విస్కీ, చిటికెడు చక్కెర, నారింజ తొక్క. తుకారాం వేలు ముంచి అమ్మవారి పేర నేల మీద నాలుగు చుక్కలు చిలకరించి తాగాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మందంటే ఇదీ అని పదికి ఎనిమిది వేశాడు. బాలమణి దగ్గి దగ్గి అయిదు వేసింది.

రెండో రోజు విస్కీ సోర్. నిమ్మరసం, చక్కెరపాకం, పైన గుడ్డు తెల్లసొన నురుగు.

"ఆమ్లెట్ ఏసేదాన్ని మందుల ఏసినవేంది బిడ్డా?"

"జర తాగి చూడు తాతా, తర్వాత తిట్టు."

తాగి చూశాడు. తిట్టలేదు. మీసాలకు అంటిన నురుగు తుడుచుకుంటూ తొమ్మిది వేశాడు.

మూడో రోజు రమ్ముతో డైకిరీ. తుకారాంకు తీపి ఎక్కువైంది. బాలమణికి మాత్రం ఎంతగానో నచ్చింది. తొమ్మిది మార్కులు వేసింది కానీ, రెండో చెంచా సంగతి పుస్తకంలో రాయలేదు.

నాలుగో రోజు పొద్దున్నే ఆమె జిన్ను సీసా మీద, మందు ఎంత ఎత్తున ఉందో అక్కడ తెల్ల పట్టీ అంటించింది. సాయంత్రం కావ్య ఆమె కళ్ల ముందే కొలిచి పోసి, నిమ్మరసం, పాకం, ఐసు, సోడా కలిపి తాతకు అందించింది. తుకారాం ఒక్క గుక్కలో సగం లాగించాడు. పెదవి విరిచాడు. ఎండాకాలానికి బాగుందన్నాడు. ఇంకొకటి అడిగాడు. అదీ అయిపోయాక, దాహం తీరలేదంటూ మూడోది అడిగాడు. అదే కొలత, అదే కలపడం. మూడో గ్లాసు ఖాళీ చేసి తీర్పు చెప్పాడు.

"గిండ్ల మందు లేదు. ఉత్త నిమ్మసోడ. గా పొద్దు నీ తమ్ముడు పోసింది గిదే."

బాలమణి గొంతు తరగతి గదిలో పలికినట్టే పలికింది.

"మందు లేదంటవ్. ఖాయమేనా?"

"ఖాయమేందే, మగ్గం మీద కూసొని చూపిస్త. తాగినోనికి అంచు నెయ్యొస్తదా?"

అది ఉత్తుత్తి మాట కాదు. చుక్క ముట్టిన పూట మగ్గం తాకకపోవడం తుకారాంకు నలభై ఏళ్ల నియమం. నడిమి నూలునూ అంచు పట్టునూ పోగుపోగుకూ కలుపుతూ పోతేనే అంచు పొడవునా గోపురాల వరుస లేస్తుంది. ఒక్క పోగు లెక్క తప్పినా గోపురం ఒరిగిపోతుంది. పైగా మగ్గం మీద ఉన్నది మామూలు గుడ్డ కాదు, కాబోయే పెళ్లికొడుకు కండువా. ఆగమనే మాట బాలమణి నోటిదాకా వచ్చింది. ఆపితే తమ్ముడికి న్యాయం మళ్లీ దొరకదు. తుకారాం మగ్గం గుంటలోకి కాళ్లు జార్చి, పాట ఎత్తుకుని, పోగులు దాటించే నాడె విసురుతూ, చీకటి పడకముందే జానెడు నేసి పారేశాడు.

తెల్లారి మగ్గం దగ్గర పాట లేదు. బాలమణి వెళ్లేసరికి తుకారాం అంచు మీద వేలు పెట్టి గోపురాలు లెక్కపెడుతున్నాడు. ఒకటి పక్కదాని భుజం మీద తల వాల్చింది. రెండింటికి శిఖరాలే లేవు. ఇంకొకటి పైకెక్కింది కానీ దిగడం మరిచిపోయింది. కావ్య జిన్ను సీసా తెచ్చి కిటికీ వెలుతురులో పెట్టింది. తెల్ల పట్టీకి మూడు వేళ్ల కింద ఉంది మందు.

తుకారాం సీసానూ గోపురాలనూ మార్చి మార్చి చూశాడు.

"బాలమణీ, మా తమ్ముని పెండ్లిల బ్యాండోళ్లు తెల్లారి పగటాల దాక లేవకపాయె, యాదికున్నదా? ఎండదెబ్బ అన్కుంటిమి."

"మాఘమాసంల ఎండదెబ్బ," అంది బాలమణి.

అతను తల వంచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు ఎంతకూ ఆగలేదు. చివరకు పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడది నవ్వు కాదు. ఆ జానెడుకు కింద మిగిలిన కండువాను రెండు రోజుల్లో నిష్ఠగా నేసి, మగ్గం నుంచి కోసి, పెట్టె అడుగున ఇరవై తొమ్మిదేళ్లుగా కలరా ఉండల మధ్య పడున్న ధోవతినీ పాత కండువానూ తీశాడు. భార్యాభర్తలు వనపర్తి బస్సెక్కారు.

తెలకపల్లిలో బాలస్వామి వేరుశనగ పీకిస్తున్నాడు. బావను చూసి నిలబడ్డాడే తప్ప పలకరించలేదు. తుకారాం చేలోనే చెప్పులు విడిచి, బట్టల పళ్లెం రెండు చేతులా పట్టుకుని, జరిగినదంతా దాచకుండా చెప్పాడు. మూడు గ్లాసులు తాగాననీ, సోడా అన్నాననీ, ఆ సోడాయే తన చేత ఇలా నేయించిందనీ వంకర గోపురాలు విప్పి చూపించాడు. బాలస్వామి ఆ జానెడు మీద చెయ్యి ఆడించాడు. తల ఒరిగిన గోపురం దగ్గర అతని మీసం కదిలింది.

"బావా, నీ చెయ్యి గిట్ల తప్పిందంటే మస్తుగ కలిపినట్టే మా పిల్ల."

ధోవతి తీసుకున్నాడు. పాత కండువాను మాత్రం తిరిగి పళ్లెంలో పెట్టాడు.

"గిది మంచిగున్నది, పెండ్లిపిల్లగానికియ్యి. నాకు గీ వంకరదే కావాలె. కానీ బావా, నువ్వన్నది రెండు నూర్ల మందిల. గా మంది ముందట్నే తీసెయ్యాలె."

తమ్ముడు అడగకపోతే ఆ మాట తానే అడిగేది బాలమణి. ఊరికి తిరిగి రాగానే ఆనాటి పెళ్లికి వచ్చినవాళ్లలో బతికున్నవాళ్లందరి పేర్లూ రాసి, ఇటిక్యాలకూ అయిజకూ తానే ఫోన్లు చేసింది. ఒక్కరు కూడా తప్పించుకోలేదు.

నిశ్చితార్థం నాటి మధ్యాహ్నం బాలస్వామి గద్వాల గడప తొక్కాడు. తెల్లటి ధోవతి, భుజాన వంకర గోపురాల కండువా. పందిట్లో అడుగు పెట్టగానే ఆ కండువా నాగేంద్రమ్మ కంట్లో పడింది. ఇంత పేరున్న ఇంట్లో ఇటువంటి అంచు ఎవరు నేశారు, తాగి నేశారా ఏమిటని పదిమందికీ వినబడేలా అడిగింది. తుకారాం లేచి పందిరి నడుమకు వచ్చాడు. ఆనాడు నిలబడినట్టే నిలబడ్డాడు.

"అవునక్కా, తాగి నేసింది నేనే. గా పొద్దు నా బామ్మర్ది పోసిన మందే తాగిన. పన్నెండు సీసలల్ల ఒక్క చుక్క తక్కువ పొయ్యలే ఆయన. దొంగ అన్నోన్ని నేను. తప్పు నాది."

ఎవరో ముసలాయన, అయితే ఆ నిమ్మసోడా ఇప్పుడు దొరుకుతుందా అని అడిగాడు. పందిరంతా గొల్లుమంది. బాలస్వామి కండువా నడుముకు చుట్టుకుని బల్ల వెనక్కు వెళ్లాడు. కావ్య ఐసు పగలగొట్టింది. మొదటి గ్లాసును బావ చేతికిచ్చాడు బాలస్వామి. తుకారాం వేలు ముంచి నేల మీద నాలుగు చుక్కలు చల్లి, దాన్ని తిరిగి బామ్మర్ది చేతిలోనే పెట్టాడు. రెండోది నాగేంద్రమ్మకు వెళ్లింది. చల్లగా ఉందని ఆమె ఇంకొకటి అడిగింది, ఆ పైన మరొకటి. సాయంత్రం దాకా ఆమెను కుర్చీలోంచి ఎవరూ లేపలేకపోయారు.

బాలమణి పీట మీద కూర్చుని మార్కుల పుస్తకం తెరిచింది. టామ్ కాలిన్స్ ఎదుట గడి ఇంకా ఖాళీగా ఉంది. తమ్ముడు గ్లాసుతో పాటు అలవాటుగా చెంచా కూడా తెచ్చాడు. ఆమె చెంచా పక్కన పెట్టి, గ్లాసు ఎత్తి, అడుగంటా తాగింది. ఆ గడిలో పదికి పది వేసి, దాని కింద ఎర్ర సిరాతో గీత గీసి, బాకీ పూర్తిగా చెల్లిందని రాసింది.