రెండు చెరువులు, ఒకటే తూము

2003 ఏప్రిల్. ఇంకో వారంలో కాలువకు నీళ్లు ఆపేస్తారు. ఈలోగా చెరువు నింపుకోకపోతే రాజోలు దగ్గరి మా ఊరికి వేసవంతా తాగే నీళ్లుండవు. ఆ కాలువలోకే వెంకటరాజు ఫ్యాక్టరీ పైపు వదిలాడు. పాత ప్లాస్టిక్ కవర్లు, డబ్బాలు మరలో నూరి, కడిగిన నీళ్లవి.

బిందెలో పటిక తిప్పాను. గోదావరి బురదైతే పటికకు లొంగుతుంది. ఈ నీలం, ఎరుపు పొడి పైనే తేలింది. గుడ్డలో వడగడితే పెద్ద పలుకులు ఆగాయి, సన్నవి దిగిపోయాయి. ఈ నీళ్లు దేవుడికి ఎలా పెట్టను? మనవరాలు రేవతికి ఎలా తాగించను?

పంచాయతీ అరుగు మీద మీటింగు పెట్టారు.

"మీ చెరువు నిండే రెండ్రోజులూ పైపు కట్టేస్తానండీ," అన్నాడు వెంకటరాజు.

"ఆయ్, అది చాలండి," అన్నారు మా ఆయన జగ్గయ్యగారు. పెద్దలంతా తలలూపారు. నేనూ ఊరుకున్నాను. ఆ తప్పు నాది కూడా.

మా ఊళ్లో చెరువులు రెండు, తూము ఒకటే. ముందు మాది నిండాలి, తర్వాతే ఊరవతలి కూలీల పేటది. తాతలనాటి వరస.

పేట నుంచి సుందరమ్మ వచ్చింది. ఆ కాలువలో పట్టి కోసిన బొచ్చె చేప చేతిలో. దాని పేగుల్లో నీలం పలుకులు.

"అయితే మూడో రోజు పైపు మాకు తెరుస్తారన్నమాట! మావి కడుపులు కావేంటండీ?"

"చేప ఏం తిందో నాకేం తెలుసు?" వెంకటరాజు నవ్వాడు.

"అయితే పట్టుకెళ్లండి రాజుగారూ, పులుసు పెట్టించుకోండి!"

అతను వెనక్కి జరిగాడు. జనం గొల్లుమన్నారు.

నేను మా ఆయన్ని అడిగాను: "ఏవండీ, మన చేలో వరి ఊడ్చేది వాళ్లు. వాళ్లకి ఆ విషం వదిలేసి మనం అభిషేకం చేస్తే స్వామి పుచ్చుకుంటాడంటారా?"

ఆయన లేచి పార అందుకున్నారు.

ఊరూ పేటా కలిసి గోతాల్లో కొబ్బరి పీచు కుక్కి, బంకమట్టి మెత్తి పైపు మూసేశాం. మురుగు వెనక్కి తన్ని ఫ్యాక్టరీ గేటులోనే పొంగింది. మధ్యాహ్నానికి కాలువ తేరింది. అప్పుడే పోలీసు జీపు వచ్చింది.

"ఎవరు మీ లీడరు?"

 వెంకటరాజు వేలు సుందరమ్మను చూపింది. ఆమెను జీపులోకి నెట్టారు.

"పైపు వదలకండి సుబ్బాయమ్మగారూ!" అని నాకేసి చూసి అరిచింది.

మా ఆయన తూము పలక ఎత్తి, నీళ్లను ముందు పేట చెరువుకు మళ్లించారు. మా వీధి పెద్దలు ఒక్కరూ అడ్డం చెప్పలేదు. ఆడవాళ్లమంతా చేతులు పట్టుకుని పైపు ముందు కూర్చున్నాం.

రెండో జీపు గట్టెక్కింది. మాలో ఒక్కరూ లేవలేదు.